వైట్‌వాటర్ కయాకింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఈత అంతంతమాత్రం, కోరిక మాత్రం గట్టిగా ఉంది

కోటిపల్లి_కాకి | హైదరాబాద్ | జనవరి 18

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. డిసెంబరులో ఆఫీసు వాళ్ళతో రిషికేశ్ వెళ్ళి శివ్‌పురి నుంచి రాఫ్టింగ్ చేశాం. రాఫ్టులో మేం ఎనిమిది మందిమి గొంతు చించుకుని అరుస్తుంటే పక్కనే కయాక్‌లో, అంటే ఒక్కరే కూర్చునే చిన్న ప్లాస్టిక్ బోటులో, సేఫ్టీ కుర్రాడు ఒకడు చల్లగా వస్తున్నాడు. రోలర్ కోస్టర్ అనే ర్యాపిడ్‌లో (నది నురగలతో ఉరికే చోటు) అల కొట్టి అతను తలకిందులయ్యాడు, అయిపోయింది అనుకున్నా, రెండు సెకన్లలో తెడ్డు ఒక్కసారి తిప్పి లేచి, మొహం మీద నీళ్ళు కూడా తుడుచుకోకుండా మా వైపు చూసి నవ్వాడు. ఇక అప్పటి నుంచి నాకు రాఫ్టు ఎక్కాలని లేదు, ఆ బోటు ఎక్కాలని ఉంది.

నా అనుభవం అంటే వికారాబాద్ దగ్గర కోటిపల్లి రిజర్వాయర్‌లో నాలుగైదు ఆదివారాలు తెడ్డు వేయడం, దుర్గం చెరువులో రెండుసార్లు. ఈత 25 మీటర్లు వచ్చు, అదీ ఆయాసపడుతూ. వయసు 31. ఒక సెకండ్ హ్యాండ్ కయాక్ అమ్మకానికి కనిపించింది, కొనేసి మొదలుపెట్టనా, లేక ముందు కోర్సా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బెంగళూరు_బాబాయ్ | జనవరి 18

కొనకు. మళ్ళీ చెప్తున్నా, కొనకు తమ్ముడూ. నువ్వు కోటిపల్లిలో తొక్కింది చెరువు బోటు, అది పొడుగ్గా ఉంటుంది, తిన్నగా పోవడానికి చేసింది. ఏటి బోటు పొట్టిది, అడుగు గుండ్రంగా ఉంటుంది, ముక్కు పైకి లేచి ఉంటుంది, తిన్నగా పొమ్మంటే పోదు, మొదటి రోజంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటావు. పైగా అందులోనూ మనిషి బరువును బట్టి సైజులు. 60 కిలోల వాడి బోటులో 85 కిలోల వాడు కూర్చుంటే వెనక భాగం మునిగిపోయి ప్రతి చిన్న సుడీ తలకిందులు చేస్తుంది. కొత్తది కొంటే మన దగ్గర లక్ష దాటుతుంది, పాతది నీకు సరిపోతుందో లేదో నీకు తెలిసే దశలో నువ్వు లేవు.

మన దేశంలో మొదలుపెట్టేవాడికి సూటైన దారి రిషికేశ్‌లో నాలుగైదు రోజుల కోర్సు. ఎందుకు రిషికేశ్ అంటే, గంగ అక్కడ పెద్ద నది, లోతెక్కువ. బోల్తా పడితే తల బండకి కొట్టుకునే అవకాశం చిన్న ఏరుల కంటే తక్కువ. ర్యాపిడ్ అయిపోగానే ప్రశాంతమైన మడుగు ఉంటుంది, అక్కడ వస్తువులూ మనుషులూ ఏరుకోవచ్చు. కష్టం ఏంటంటే నీళ్ళు ఐసులా ఉంటాయి, ఈదాల్సి వస్తే గట్టు చాలా దూరం. జులై, ఆగస్టుల్లో వానల వల్ల నది మూసేస్తారు, సెప్టెంబరు రెండో సగం నుంచి జూన్ దాకా సీజన్. ఏప్రిల్ తర్వాత మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి కాబట్టి కొత్తవాడివి, మార్చి లోపు వెళ్ళిపో, లేదా అక్టోబరు దాకా ఆగు.

పాతకాపు | రాజమండ్రి | జనవరి 19

బాబూ, నేను గోదారి గట్టు మీద పుట్టినవాణ్ణి, మీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం నా ఉద్దేశం కాదు. కానీ 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు, అప్పటి టీవీ ఇంకా కళ్ళ ముందు ఉంది. 2019 సెప్టెంబరులో మా కచ్చులూరు దగ్గర బోటు మునిగింది, ఆ నెలంతా ఈ ఊళ్ళో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఏరు ఆటస్థలం కాదు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళొద్దు, అంతే నా మాట.

తడిచిన_కోడి | విశాఖ | జనవరి 19

పాతకాపు గారూ, మీరన్న దాంట్లో తప్పేం లేదు, మా అమ్మ కూడా ఇవే రెండు పేర్లు చెప్పి నన్ను ఆపింది. కానీ ఆ రెండింటి కారణాలు విడివిడిగా చూడాలండి. బియాస్‌లో ఆ పిల్లలు బోటులో లేరు, నీళ్ళు తక్కువగా ఉన్నాయని ఏటి మధ్య బండల మీదకు ఫొటోల కోసం దిగారు, ఎగువన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, నిమిషాల్లో మట్టం పెరిగింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు, ఎగువన డ్యామ్ ఉందని చెప్పినవాళ్ళు లేరు.

కయాకింగ్ నేర్పేవాళ్ళు మొదట నేర్పేదే అది. పైన డ్యామ్ ఉందా, ఎప్పుడు వదులుతారు, గట్టు మీద తడి గీత ఎంత ఎత్తులో ఉంది, నీళ్ళు ఉన్నట్టుండి రంగు మారాయా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయా. ఇప్పుడు నేను అరకు వైపు పిక్నిక్‌కి వెళ్ళినా వాగు దాటే ముందు ఇవన్నీ చూస్తాను, ఇదివరకు చూసేదాన్ని కాదు. రిషికేశ్ పైన కూడా టెహ్రీ, కోటేశ్వర్ డ్యాములు ఉన్నాయి. పొద్దున బీచ్‌లో రాయి పక్కన పెట్టిన చెప్పులు మధ్యాహ్నానికి నీళ్ళలో ఉండటం నేను చూశాను. నా చెప్పులే.

అట్లాంటా_అల్లుడు | జనవరి 20

డ్యామ్ మాట వచ్చింది కాబట్టి. మా వైపు ఈ ఆట మొత్తం డ్యామ్ టైంటేబుల్ మీదే నడుస్తుంది. నార్త్ కరోలినాలో నంటహేలా నది, జార్జియా సరిహద్దు దాటగానే టెనసీలో ఒకోయీ, వెస్ట్ వర్జీనియాలో గాలీ, అన్నీ వదిలిన నీళ్ళే. ఏ రోజు ఎన్ని గంటలకు వదులుతారో ముందే ప్రకటిస్తారు, మనం సినిమా టైము చూసుకున్నట్టు చూసుకుని బయల్దేరతాం. గాలీలో అయితే సమ్మర్స్‌విల్ డ్యామ్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు వారాంతాల్లో పడవల కోసమే నీళ్ళు వదులుతారు. 1980ల మొదట్లో అక్కడ ఒక జలవిద్యుత్ ప్రాజెక్టు రాకుండా పడవ వాళ్ళు పోరాడారు, ఆ గెలుపు జ్ఞాపకంగా మొదలైనదే గాలీ ఫెస్ట్, ఇప్పటికీ అమెరికన్ వైట్‌వాటర్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. కొత్తవాళ్ళు కూడా ఫెస్ట్‌కి వెళ్ళొచ్చు, పాత సామాన్లు చవగ్గా దొరుకుతాయి, మనుషులు దొరుకుతారు. అప్పర్ గాలీలోకి మాత్రం దిగకూడదు, అది ఐదో తరగతి. మనవాడు ఒకడు టీషర్ట్ కొనుక్కుని ఆ ఊపులో దిగుతానన్నాడు, నలుగురం కలిసి పకోడీ పెట్టి కూర్చోబెట్టాం.

తరగతులు తెలియని వాళ్ళకి: ఒకటి అంటే కదిలే నీళ్ళు, రెండు అంటే చిన్న అలలు, దారి స్పష్టంగా కనిపిస్తుంది, మూడుకి వచ్చేసరికి బోటు తిప్పడం రావాలి, నాలుగులో తప్పు చేస్తే దెబ్బ తగులుతుంది, ఐదులో ప్రాణం మీదకొస్తుంది, ఆరు నీకూ నాకూ కాదు.

నేను చేరింది క్లబ్బులో. జార్జియా కెనూయింగ్ అసోసియేషన్ అని, అట్లాంటా చుట్టుపక్కల వాళ్ళది. నేర్పేది సభ్యులే, అందుకే ప్రైవేటు స్కూలు కంటే బాగా చవక. మొదట చెరువు, తర్వాత హివాసీ నది, ఒకటి రెండు తరగతులు, అక్కడ ఒక వేసవి మొత్తం గడిపా. రెండో ఏడు నంటహేలా, దాదాపు అంతా రెండో తరగతే గానీ చివర్లో ఫాల్స్ అని మూడో తరగతి ఒకటి ఉంటుంది, గట్టు మీద జనం నిలబడి నువ్వెప్పుడు బోల్తా పడతావా అని చూస్తుంటారు. మూడో ఏడు ఒకోయీ. 1996 ఒలింపిక్స్ శ్లాలమ్ (వేలాడే గేట్ల మధ్య నుంచి బోటు తిప్పుకుంటూ పోయే పోటీ) జరిగిన నది అది. ఇక్కడ అందరూ ఇదే వరస చెప్తారు, తొందరపడినవాళ్ళు సాధారణంగా భుజం జారాక మళ్ళీ హివాసీకే వస్తారు.

కోటిపల్లి_కాకి | జనవరి 21

అందరికీ థాంక్స్. బోటు కొనడం మానేశా. ఇప్పుడు నా అసలు భయం చెప్తా. నడుముకి ఆ రబ్బరు గుడ్డ బిగించి బోటులో కూరుకుపోయి ఉంటాం కదా, తలకిందులైతే బయటికి ఎలా వస్తాం? రాత్రి పడుకుంటే అదే కనిపిస్తోంది, టెన్షన్. ఇంకోటి, ఈత బాగా రావాలా?

లంక_పిల్ల | నాటింగ్‌హామ్ (సొంతూరు కోనసీమ) | జనవరి 21

ఆ భయం అందరికీ ఉంటుంది, లేదన్నవాళ్ళు అబద్ధం చెప్తున్నట్టే. నేను చెప్పేది మెల్లగా చదువు.

ఆ రబ్బరు గుడ్డని స్ప్రే డెక్ అంటారు, దాని ముందు అంచుకి ఒక పట్టీ ఉంటుంది. బోటు ఎక్కి బిగించాక ఆ పట్టీ బయట ఉందో లేదో చేత్తో పట్టుకుని చూడటం మొదటి అలవాటు, నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా పైకి అంటూనే చూస్తా. బోల్తా పడ్డాక ముందుకు వంగాలి, బోటు డెక్కుని ముద్దు పెట్టుకోబోతున్నట్టు. వెనక్కి వాలితే మొహం బండలకి ఎదురవుతుంది. రెండు చేతులతో బోటు అడుగు మీద మూడుసార్లు దబదబా కొట్టాలి, అది పక్కవాళ్ళకి సైగ, కానీ అసలు లాభం నీకే, అంతసేపు నిలబడగలిగావంటే కంగారు లేదని నీకే తెలుస్తుంది. తర్వాత పట్టీని ముందుకు తోసి పైకి లాగితే గుడ్డ ఊడుతుంది, తుంటి పక్కన చేతులు పెట్టి తడిసిన జీన్స్ విప్పినట్టు బోటుని తోసెయ్యి. మొత్తం ఐదారు సెకన్లు. మొదటిసారి ఐదారు నిమిషాలు అనిపిస్తుంది. ముక్కులోకి నీళ్ళు పోయి మెదడు కడిగినట్టు ఉంటుంది, కాబట్టి ముక్కు క్లిప్పు కొనుక్కో, నవ్వేవాళ్ళని నవ్వనీ.

ఈత సంగతి. మా తాతయ్య నడుముకి సొరకాయ బుర్ర కట్టి కాలవలోకి తోసేవాడు, మా అన్నదమ్ములందరూ అలాగే నేర్చుకున్నారు, ఆడపిల్లనని నన్ను తోయలేదు. నేను ఇక్కడికొచ్చాకే 24 ఏళ్ళకి నేర్చుకున్నా. ఎంత వేగంగా ఈదుతావన్నది ముఖ్యం కాదు, జాకెట్ తేలుస్తుంది. తల నీళ్ళ కింద ఉన్నా ఆలోచన ఆగకుండా ఉండాలి. 25 మీటర్లు చాలు గానీ, ఈ రెండు నెలలు వారానికి మూడు రోజులు పూల్‌కి వెళ్ళి నీళ్ళ కింద కళ్ళు తెరిచి లెక్క పెట్టడం అలవాటు చేసుకో.

ఏటిలో ఈదాల్సి వస్తే ఒక్కటే గుర్తుంచుకో: వెల్లకిలా పడుకుని కాళ్ళు దిగువకి, కాలి వేళ్ళు నీళ్ళ పైన కనిపించాలి. మోకాలి లోతు దాటిన పారే నీళ్ళలో నిలబడే ప్రయత్నం చెయ్యకు. పాదం రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే నీళ్ళు వెనక నుంచి తోసి ముందుకు పడేస్తాయి, లేవలేవు. గోదారిలో నిలబడే అలవాటున్న మనకి ఇది వింటే వింతగా ఉంటుంది, కానీ చాలామంది పోయేది అలాగే.

బెంగళూరు_బాబాయ్ | జనవరి 22

లంక_పిల్ల గారు చెప్పింది అక్షరాలా నిజం. ఒకటి కలుపుతా, రోల్ రాకుండా ఏటిలోకి దిగకు. రోల్ అంటే నువ్వు చూసిన ఆ సేఫ్టీ కుర్రాడి విద్య. బెంగళూరులో మేం స్విమ్మింగ్ పూల్‌లో నెల రోజులు దాని మీదే పడ్డాం. పూల్ అంచు పట్టుకుని నడుము ఒక్కటే విసరడం, తల అన్నిటికన్నా చివర్న లేవాలి. అందరూ చేసే తప్పు గాలి కోసం తల ముందు ఎత్తడం, తల బరువుకి బోటు మళ్ళీ మునుగుతుంది.

లంక_పిల్ల | జనవరి 22

ఇక్కడ మీతో ఒప్పుకోను బాబాయ్. రోల్ వచ్చేదాకా పూల్‌లోనే అంటే సగం మంది విసుగొచ్చి మానేస్తారు. మా క్లబ్బులో రెండో వారానికే ఒకటో తరగతి ఏటిలోకి తీసుకెళ్తారు, పడితే బయటికి వస్తావు, పక్కవాళ్ళు నిన్నూ బోటునీ తెడ్డునీ ఏరతారు. ఏరు చదవడం ఏటిలోనే వస్తుంది. బండ వెనకాల నీళ్ళు ఎదురు తిరిగి నిశ్శబ్దంగా ఉండే చోటుని ఎడ్డీ అంటాం, అది మనకి బస్‌స్టాప్ లాంటిది. అక్కడ ఆగి, కిందికి చూసి, మళ్ళీ బయల్దేరాలి. అందులోకి దూరడం, బయటికి రావడం, ఈ రెండూ వచ్చినవాడికి రోల్ అవసరమే తక్కువ పడుతుంది. పూల్‌లో నూటికి నూరు రోల్స్ కొట్టి ఎడ్డీ గీత దాటగానే పడిపోయే మహావీరుల్ని చాలామందిని చూశా.

బెంగళూరు_బాబాయ్ | జనవరి 22

ఆ మహావీరుడు నేనేనండి, మొదటి ఏడు. కానీ మీ క్లబ్బులో పక్కన నలుగురు ఏరేవాళ్ళు ఉన్నారు. కాకికి హైదరాబాద్‌లో ఎవరున్నారు?

లంక_పిల్ల | జనవరి 23

అది నిజం. అదే అసలు తేడా. ఇక్కడ యూనివర్సిటీలో చేరిన మొదటి వారం క్లబ్బుల స్టాల్స్ పెడతారు, నేను బిర్యానీ స్టాల్ వెతుకుతూ కయాకింగ్ స్టాల్ దగ్గర ఆగాను, అలా ఇరుక్కున్నా. బోటు, హెల్మెట్, జాకెట్, తెడ్డు అన్నీ క్లబ్బువే. చలికాలం మధ్యలో మినీబస్సు ఎక్కించి వేల్స్, డార్ట్‌మూర్ తీసుకెళ్తారు, ఎందుకంటే ఇక్కడ ఏరులకి నీళ్ళు వచ్చేది వానల్లో, అంటే చలిలో. మాకు ఊళ్ళోనే హోమ్ పియర్‌పాంట్‌లో ట్రెంట్ నది నీళ్ళతో పారే కాంక్రీటు కాలువ ఉంది, వాన లేకపోయినా నడుస్తుంది. విద్యార్థుల రోడియో ఏటా అక్కడే జరుగుతుంది. ఫ్రీస్టైల్ (అల మీద బోటుతో విన్యాసాలు చేసే) పోటీ పేరుకే, సగం మంది విచిత్ర వేషాల్లో వస్తారు, పూర్తి కొత్తవాళ్ళకి వేరే విభాగం ఉంటుంది. నేను లంగా ఓణీ వేసుకుని దిగి అల మీద రెండు సెకన్లు నిలబడ్డా, తర్వాత ఓణీ దిగువన ఎక్కడో దొరికింది.

చదువుకోడానికి ఇటు వస్తున్న పిల్లలెవరైనా ఉంటే ఇంకో సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో చాలా ఏరుల మీద పడవ నడిపే హక్కు చట్టంలో స్పష్టంగా లేదు, గట్టు ఆసామి అభ్యంతరం చెప్పొచ్చు. స్కాట్లండ్‌లో 2003 చట్టం వల్ల ఆ బెడద లేదు. క్లబ్బుతో వెళ్తే ఏ ఏరు ఎప్పుడు దిగొచ్చో వాళ్ళకి తెలుసు. ఒంటరిగా బోటు కొనుక్కున్నవాడికి ఇది తెలియదు.

కోటిపల్లి_కాకి | జనవరి 25

ఒక ఆలోచన వచ్చింది. మా ఊరి దగ్గర వాగు మీద చెక్‌డ్యామ్ ఉంది, వానాకాలంలో దాని మీంచి నీళ్ళు మూడు నాలుగడుగులే దూకుతాయి, నున్నగా అందంగా ఉంటాయి. అక్కడ ప్రాక్టీస్ చేస్తే?

తడిచిన_కోడి | జనవరి 25

వద్దు వద్దు వద్దు.

అట్లాంటా_అల్లుడు | జనవరి 25

ఈ ఒక్క పోస్టుకి పిన్ పెట్టండి మోడరేటర్ గారూ. కాకీ, సహజమైన ర్యాపిడ్ ఎంత భయంకరంగా కనిపించినా దానికి ఎక్కడో పక్కన తెరిపి ఉంటుంది. చెక్‌డ్యామ్‌కి, ఆనకట్టకి అది ఉండదు. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎత్తు, కింద పడ్డ నీళ్ళు ఒకే గీతలో వెనక్కి దొర్లుతాయి. అందులో పడితే పైకొస్తావు, గోడ వైపు లాగుతుంది, కిందికి తొక్కుతుంది, మళ్ళీ పైకొస్తావు, మళ్ళీ అదే. పక్కకి పోదామంటే రెండు వైపులా కాంక్రీటు గోడ. లైఫ్ జాకెట్ ఉన్నా వదలదు, నురగలో గాలి ఎక్కువై తేలడం కూడా తగ్గుతుంది. మునిగేవాణ్ణి తీయడానికి వెళ్ళి పోయినవాళ్ళు ఎందరో. అమెరికాలో దీన్ని ముంచే యంత్రం అని పిలుస్తారు, ఊరికే కాదు. ఎత్తు తక్కువగా ఉండటమే దాని మోసం.

పాతకాపు | జనవరి 25

ఈ మాట మాత్రం మా ఊరి జాలర్లు చిన్నప్పటి నుంచి చెప్పేవారు. ఆనకట్ట కింద నీళ్ళు మనిషిని నములుతాయి అనేవారు. అల్లుడు గారు బాగా చెప్పారు.

మోడరేటర్ | జనవరి 26

పిన్ చేశాం.

తడిచిన_కోడి | జనవరి 27

కాకి తమ్ముడూ, హైదరాబాద్‌లో నీకెవరున్నారని బాబాయ్ అడిగారు కదా. నేను విశాఖలో ఒక్కదాన్నే, నాకు మనుషులు దొరికింది పండగలో. కేరళలో కోళికోడ్ జిల్లా కోడంచేరి దగ్గర మలబార్ రివర్ ఫెస్టివల్ అని జరుగుతుంది, 2013 నుంచి. చాలిప్పుళ, ఇరువంజిప్పుళ అనే రెండు ఏరులు పశ్చిమ కనుమల నుంచి దిగుతాయి, వానాకాలంలోనే నీళ్ళు, కాబట్టి సరిగ్గా రిషికేశ్ మూసేసే రోజుల్లో ఇది తెరుచుకుంటుంది. పులిక్కయం అనే చోట వంతెన దగ్గర గొడుగులు వేసుకుని ఊరంతా నిలబడుతుంది, చర్చి ఫాదరు, రబ్బరు తోటల కూలీలు, స్కూలు పిల్లలు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళూ, ఉత్తరాఖండ్ కుర్రాళ్ళూ ఒకే గీత దగ్గర నిలబడతారు. గెలిచినవాళ్ళకి ర్యాపిడ్ రాజా, ర్యాపిడ్ రాణి అని బిరుదులు.

నాకు బోటర్ క్రాస్ నచ్చుతుంది. నాలుగు బోట్లు ఒకేసారి నీళ్ళలోకి దూకుతాయి, గుద్దుకుంటూ తోసుకుంటూ ముందెవరు దిగితే వాళ్ళే, మన ఆటోల్లాగే. ఇలాంటిదే కయాక్ క్రాస్ పేరుతో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు, అక్కడ మధ్యలో ఒక చోట కావాలనే బోల్తా పడి లేవాలి కూడా. మనకి పక్కనున్నవాడికి తగలకుండా నడపాలని ఎవరూ నేర్పలేదు కాబట్టి ఈ పోటీలో మనకి భవిష్యత్తు ఉంది.

నేను మొదటి ఏడు చూడ్డానికే వెళ్ళా. తాడు సంచీ పట్టుకుని గట్టు మీద నిలబడే పని ఇచ్చారు, అదే నాకు కోర్సు కంటే ఎక్కువ నేర్పింది. కొట్టుకొచ్చే మనిషికి తాడు ఎలా విసరాలి, తాడుని చేతికి చుట్టుకోకూడదని, విసిరాక ఎక్కడ నిలబడాలని. సాయంత్రం టపియోకా చేపల కూర తింటూ మాట్లాడిన ముగ్గురు అమ్మాయిలతోనే ఇప్పటికీ ఏరు దిగుతున్నా. కానీ ఒక హెచ్చరిక, అక్కడి ఏరులు చిన్నవి, బండలు ఎక్కువ, తేడా వస్తే మోకాళ్ళు, మోచేతులు. గట్టున చెట్లు పడిపోయి నీళ్ళలో అడ్డంగా ఉంటాయి, నీళ్ళు కొమ్మల్లోంచి పోతాయి, మనిషి పోడు, టీ వడకట్టే జల్లెడలో పొడిలా అంటుకుపోతాడు. పోటీ జరిగే భాగాలు కొత్తవాళ్ళవి కావు. ముందు రిషికేశ్‌లో నేర్చుకుని తర్వాత అటు రా.

బెంగళూరు_బాబాయ్ | జనవరి 28

కోర్సు ఎంచుకోవడం మీద రెండు మాటలు, నేను మోసపోయాను కాబట్టి. మొదటిసారి నేను వెళ్ళిన చోట, పేరు ఎందుకులే, ఒక గురువుకి ఏడుగురు శిష్యులం. రెండో రోజు ఆ గురువుని రాఫ్టింగ్ గుంపుకి సేఫ్టీగా పంపేసి మమ్మల్ని బీచ్‌లో తెడ్డు తిప్పుకోమన్నారు. హెల్మెట్ పట్టీ తెగి ఉంటే దారంతో ముడేసి ఇచ్చారు. ఐదు రోజుల డబ్బులకి రెండు రోజుల చదువు.

డబ్బు కట్టే ముందు ఫోన్‌లో అడుగు: ఒక్కో గురువుకి ఎంతమంది, ముగ్గురు నలుగురు దాటితే వేరే చోటు చూసుకో. ప్రథమ చికిత్స, ఏటి రక్షణ శిక్షణ సర్టిఫికెట్లు ఉన్నాయా. నా బరువుకి తగిన బోటు ఉందా. చలి బట్టలు మీరిస్తారా. చివరి ప్రశ్న, నాకు రాకపోతే ఏం చేస్తారు? మంచివాళ్ళు దీనికి నవ్వి, మళ్ళీ చెరువు నీళ్ళకి తీసుకెళ్తాం అంటారు. చెత్తవాళ్ళు గ్యారంటీగా వస్తుంది సార్ అంటారు.

కాటన్ బనియన్ వేసుకోకు, తడిస్తే ఆరదు, చలి లాగుతుంది. కళ్ళజోడు ఉంటే వెనక తాడు కట్టు. భుజం సంగతి: మోచేతులు ఎప్పుడూ పక్కటెముకలకి దగ్గరగా, చేతులు తలపైకి లేపి తెడ్డు వేస్తే భుజం ఊడుతుంది.

కోటిపల్లి_కాకి | ఏప్రిల్ 2

రెండు నెలలు మాయమయ్యా, సారీ. పూల్‌కి వెళ్ళా, నీళ్ళ కింద 30 దాకా లెక్క పెట్టడం వచ్చింది. ఇంట్లో చెప్పా. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు గంగ నీళ్ళు సీసాలో తెమ్మంది. మార్చి మూడో వారం ఐదు రోజులు రిషికేశ్.

మొదటి రోజు: గుండ్రంగా తిరిగా, బాబాయ్ చెప్పినట్టే. సాయంత్రం వెట్ ఎగ్జిట్, అంటే తలకిందులయ్యాక బోటులోంచి బయటపడటం. మూడుసార్లు కొట్టమన్నారు, నేను ఒక్కసారి కొట్టి పారిపోయా. నాలుగో ప్రయత్నానికి మూడూ కొట్టా. నీళ్ళ కింద అంత నిశ్శబ్దం ఉంటుందని ఎవరూ చెప్పలేదేంటి?

రెండో రోజు రోల్. పొద్దున నుంచి సాయంత్రం దాకా పదకొండుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు లేచా, ఆ మూడింట్లో ఒకటి మా గురువు చెయ్యి సాయంతో అని నాకు తర్వాత తెలిసింది. మా గురువు 22 ఏళ్ళ గఢ్వాలీ కుర్రాడు, తల తల తల అని అరవడం తప్ప ఇంకేం మాట్లాడడు. రాత్రి కలలో కూడా తల తల అనే వినిపించింది.

మూడో రోజు ఎడ్డీ. లంక_పిల్ల గారూ, బస్‌స్టాప్ పోలిక పనికొచ్చింది, కానీ బస్‌స్టాప్ నుంచి బయటికి వచ్చేటప్పుడు బోటుని దిగువ వైపు వంచాలని, బైకు మలుపులో వాల్చినట్టు, అది చెయ్యికి రావడానికి నేను ఆరుసార్లు గంగలో పడ్డా. ఎగువ అంచు దిగితే నీళ్ళు దాన్ని పట్టుకుని తిరగేస్తాయి, ఆలోచించే టైం ఉండదు.

నాలుగు, ఐదు రోజులు నది మీద. చిన్న ర్యాపిడ్లలో నేనే దిగా. గోల్ఫ్ కోర్స్ అనే పెద్ద ర్యాపిడ్ వచ్చేసరికి గురువు ఏమీ అడక్కుండా నన్నూ నా బోటునీ రాఫ్టులోకి ఎక్కించాడు, పరువు పోయిందనిపించింది గానీ ఆ అలలు చూశాక ఆయనకి దండం పెట్టుకున్నా. చివరి రోజు ఏటిలో, నిజం ఏటిలో, ఒక్కసారి రోల్ వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. మళ్ళీ పడ్డప్పుడు రాలేదు, ఈదుకుంటూ వచ్చా, కాళ్ళు ముందుకి, వేళ్ళు పైకి. చలికి దవడలు కొట్టుకుంటుంటే గట్టు మీద ఎవరో టీ ఇచ్చారు.

లంక_పిల్ల | ఏప్రిల్ 2

నిజం ఏటిలో ఒక్క రోల్ పూల్‌లో వందకి సమానం. ఇప్పుడు బాబాయ్ గెలిచారో నేను గెలిచానో చెప్పు.

కోటిపల్లి_కాకి | ఏప్రిల్ 3

రోల్ రాకుండానే మూడో రోజు ఎడ్డీల్లోకి తోశారు, కాబట్టి మీరు. రోల్ వచ్చి ఉంటే ఆరుసార్లు చల్లటి గంగ తాగేవాణ్ణి కాదు, కాబట్టి ఆయన.

పాతకాపు | ఏప్రిల్ 3

క్షేమంగా వచ్చావు, సంతోషం. మా మనవరాలు పదహారేళ్ళది, ఈ చర్చ నా ఫోన్‌లో మొత్తం చదివేసింది. ఈత బాగా వచ్చు. కోడంచేరి పండగ చూడ్డానికి మాత్రమే తీసుకెళ్తానని ఒప్పుకున్నాను. వానలో నిలబడటానికి ముసలివాళ్ళకి చోటు ఉంటుందా అమ్మా, తడిచిన_కోడి?

తడిచిన_కోడి | ఏప్రిల్ 3

వంతెన పక్కన టీ కొట్టు ఉంది బాబాయ్ గారూ, రేకుల కప్పు, అక్కడి నుంచి మొత్తం కనిపిస్తుంది. ఈసారి తేదీలు ప్రకటించగానే ఇక్కడే రాస్తా. పెద్ద గొడుగు తెచ్చుకోండి, ఆ వాన మన వాన కాదు. పాపకి తాడు సంచీ పని ఇప్పిస్తా, గట్టు మీదే. కాకీ, నువ్వూ వచ్చెయ్, ముక్కు క్లిప్పులు రెండు తీసుకురా, నాది మొన్న ఏటిలో పోయింది.